ముఖం చూడకు, నడుం చూడు

అయిన్ జౌజ్
ఆదివారం పొద్దున

రేపు నేను పోతే భుజం మీద మోసుకెళ్ళాల్సిన నా ఒక్కగానొక్క మేనల్లుడు ఇయాద్‌కి నయీఫ్ మామయ్య ముద్దులు, ముద్దుల వెనకే నాలుగు తిట్లు.

ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాం, నిన్న సాయంత్రం నీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ మొదలయ్యేదాకా. ఆ తర్వాత ఎవరమూ క్షేమంగా లేము.

మ్యాచ్ మన కొట్లోనే చూశాం. గింజలు వేయించే పెనం బోర్లించి దాని మీద టీవీ పెట్టాను, అందరికీ కనబడాలని. కుర్చీలు చాలక జనం సెనగల బస్తాల మీద కూడా ఎక్కి కూర్చున్నారు. టీవీలో కామెంట్రీ చెప్పేవాడు ఏమన్నాడో తెలుసా? "నౌరస్ క్లబ్బుకి గోడ అని పేరు తెచ్చుకున్న ఇయాద్ ఇవాళ తలుపైపోయాడు" అన్నాడు. దానికి మన ఫహ్మీ గాడు, "తలుపు కాదండీ, పరదా" అన్నాడు. నా కొట్లో, నా బస్తా మీద కూర్చుని, నా పిస్తాలు నములుతూ!

ఒరే, పోయినేడు నీకు ఎదురొచ్చినవాడు బంతి నేలకి కొట్టాలన్నా భయపడేవాడు. బేరూత్ పేపర్లు నీ డిఫెన్స్ గురించి రాస్తే నేను కత్తిరించి కొట్లో అద్దానికి అంటించేవాణ్ని. ఇప్పుడేమో ఆ జహ్లే ఊరి వాది అనే క్లబ్బులో ఆడే ఈజిప్టువాడు, ఆ మీసాల రమ్జీ, నీ పక్కనుంచి పెళ్ళింట్లోకి పోతున్నట్టు పోయి ముప్ఫై నాలుగు పాయింట్లు వేశాడు. ఒక్కడే. రెండు నెలల నుంచీ చూస్తున్నాను, ఎవడొచ్చినా ఇదే వరస.

పైగా ఆ చెయ్యేంట్రా? చేతులు పైకెత్తి ఉంచాలని నీకు నేర్పింది నేను. వాడు బంతి పట్టుకుని నీ ముందుకు వస్తాడు, నీ కుడిచెయ్యి గుండె మీదకి పోతుంది, వాడు బుట్టలో వేస్తాడు. మళ్ళీ వస్తాడు, మళ్ళీ చెయ్యి గుండె మీదకి. మీ అమ్మ అది చూసి, "నా బిడ్డకి గుండె నొప్పిరా దేవుడా" అని బస్తా మీదే కూలబడింది.

మీ క్లబ్బు డైరెక్టర్ మాట కూడా పేపర్లో చదివాం. వాది క్లబ్బుతో ఈ మూడు మ్యాచ్‌ల్లో నువ్వు రమ్జీని ఆపలేకపోతే వచ్చే ఏడు నీ చోట్లోకి బయటిదేశం వాణ్ని తెస్తాడట. నువ్వు ఎనిమిదో క్లాసులో బడి మానేసినప్పుడు మీ అమ్మకి సర్దిచెప్పింది నేను. వాడి కాళ్ళే వాడి సర్టిఫికెట్ అన్నాను. ఆ సర్టిఫికెట్ చిరిగిపోయిందంటే నీకు మిగిలేది నా పెనం, నా గరిటె. ఒకటి ఓడారు. ఇంకా రెండున్నాయి. ఏమైందో చెప్పు.

నిద్ర లేని నీ మామయ్య,
నయీఫ్

తా.క.: గుండెకి మంచిదని మీ అమ్మ దానిమ్మ పులుసు పంపుతోంది, వ్యాను డ్రైవర్ అబూ ఫాయెజ్ చేత. సీసా సగమే ఉంటే అబూ ఫాయెజ్ గుండె బాగుపడిందని అర్థం.

ఇంకో తా.క.: ఆ జుట్టేంట్రా? ఒక చెవి దగ్గర పొట్టి, ఒక చెవి దగ్గర పొడుగు. తలకి కూడా డిఫెన్స్ లేదు.


బేరూత్
సోమవారం

బంతి పట్టడం, బూతులు తిట్టడం ఒకే రోజు నేర్పిన నయీఫ్ మామయ్యకి ఇయాద్ సలాములు.

ముందు అమ్మకి చెప్పు, నా గుండె బాగుంది. క్లబ్బు డాక్టర్ చెవులకి గొట్టం పెట్టుకుని విని, గుర్రం గుండె అన్నాడు. సీసా పావే అందింది.

జుట్టు తప్పు నాది కాదు. మా వీధి సెలూన్ అతను నా తల కత్తిరించినంతసేపూ గోడ మీద క్యాలెండర్ చూస్తూ ఉన్నాడు. నేను అద్దంలోంచి అతని కళ్ళ కోసం వెతికితే అద్దం మీద తువ్వాలు కప్పేశాడు. చెవి తెగనందుకు సంతోషించాలి.

అతనొక్కడే కాదు మామయ్యా. ఈ సీజన్‌కి నేను కొత్తగా దిగిన ఈ బిల్డింగులో అందరూ అంతే. నేను "మర్హబా" అని పలకరిస్తే గోడకేసి తిరిగి "మర్హబా" అంటారు. రొట్టెల బట్టీ అతను జాతర్ పొడి చల్లిన రొట్టె వెనక్కి తిరిగి అందిస్తాడు, ఓసారి నా చేతికి కాదు, నా పక్కనున్న పిల్లికి ఇచ్చాడు. లిఫ్టు యుద్ధం రోజుల్లో పాడైంది, ఇంకా బాగవలేదు కాబట్టి అందరం మెట్లే ఎక్కాలి. కొత్తగా దిగినవాడి ఇంటికి ఇరుగుపొరుగే ముందు రావాలి కదా. అందుకని రోజూ సాయంత్రం తలుపు తెరిచిపెట్టి, కాఫీ కాచి, రెండు కప్పులు పెట్టుకుని కూర్చుంటున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు నిమ్మళంగా వస్తుంది, నా తలుపు దగ్గరికి వచ్చేసరికి పరుగు అందుకుంటుంది. రెండో కప్పు కూడా నేనే తాగుతున్నా. అందుకే నిద్ర పట్టదు.

మొన్నొక రోజు కావాలనే గదిలో బంతి కొట్టాను. కింద ఉమ్ రిజ్క్ అని ఒకావిడ ఉంది, గొంతు బజారు దాకా వినిపిస్తుంది. తిట్టడానికైనా పైకొచ్చి తలుపు తడుతుందని. రాలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. చీపురు కర్రతో పైకప్పు కూడా పొడవలేదు. ఇంత ఓపిక గల మనుషుల్ని నేనెక్కడా చూడలేదు మామయ్యా, చూస్తే భయం వేస్తోంది.

టీంలో వాళ్ళా? మంచోళ్ళే. అందరూ యూనివర్సిటీ పిల్లలు. పరీక్షల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు, నేను వెళ్ళేసరికి పాపం నాకోసం ఆపేస్తారు. ఆపేశాక ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీదు. ప్రాక్టీసు అవగానే ఎవరి కార్లో వాళ్ళు అమ్మ వంటకి వెళ్ళిపోతారు.

అయినా ఫర్వాలేదు. మొన్న శనివారం ఒకరు నన్ను, బాగున్నావా, భోంచేశావా, అమ్మ ఎలా ఉంది అని అడిగారు. నా కళ్ళలోకి చూసి అడిగారు. మళ్ళీ శనివారం ఎప్పుడొస్తుందా అని ఉంది. ఎవరని అడక్కు, నీకు కోపం వస్తుంది.

నీ పరదా,
ఇయాద్

తా.క.: ఫహ్మీ నములుతున్న పిస్తాలు ఖాతాలో రాశావా?


అయిన్ జౌజ్
మంగళవారం

దొంగ వెధవా, నా కంటి వెలుగూ, నా పెళ్ళికొడుకా!

ఉత్తరం చివరి నాలుగు ముక్కలు చదవగానే అంతా తెలిసిపోయింది. గుండె మీద చెయ్యి! నిద్ర లేదు! శనివారం కోసం ఎదురుచూపు! మామయ్య పిచ్చోడనుకున్నావా? పిల్ల గాలరీలో కూర్చుంటుంది కదూ? నువ్వు ఆమె వైపు చూస్తుంటే ఆ మీసాలవాడు బంతి పట్టుకుపోతున్నాడు.

కొట్లో ఉత్తరం పైకి చదివాను. మన ఫహ్మీ కూడా ఒప్పుకున్నాడు, ప్రేమలో పడ్డవాడికి మోకాళ్ళు వంగవట. డిఫెన్స్ అంటే మోకాళ్ళే కదా. అతనికి పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు, అతని మోకాళ్ళు ఇప్పుడు బాగా వంగుతాయి.

నాకు కోపం ఎందుకొస్తుందిరా? ఏ ఊరు, ఏ ఇల్లు, తండ్రి ఏం చేస్తాడు, వెంటనే రాయి. మీ అమ్మ నీ పెళ్ళికని దాచిన దుప్పట్లు బయటికి తీసి ఎండలో వేసేసింది. ఒక్కటే షరతు: ఈ శనివారం మ్యాచ్ అయ్యేదాకా ఆ పిల్లని గాలరీలో నీ వెనక వైపు కూర్చోమను. నువ్వు ఆమెని చూడకూడదు, ఆమె నీ వీపుని చూసుకోవచ్చు. మంచి వీపే.

ఇక ఇరుగుపొరుగు సంగతి నువ్వేం పట్టించుకోకు. ఆ బిల్డింగువాళ్ళు మాట మీద నిలబడే మనుషులు, మంచివాళ్ళు. పనిమీద ధ్యాస పెట్టు.

కాబోయే పెళ్ళిపెద్ద,
నయీఫ్

తా.క.: పిల్ల పొడుగు ఎంత? దుప్పటి కొలత కోసం మీ అమ్మ అడుగుతోంది.


బేరూత్
బుధవారం

మామయ్యా,

పొడుగు రెండు మీటర్లు. మీసాలున్నాయి. పేరు రమ్జీ.

దుప్పట్లు లోపల పెట్టమను.

నీకు కోపం వస్తుందని చెప్పలేదు. చెప్పేస్తాను, ఇక దాచి ఏం లాభం. మొన్న మొదటి నిమిషంలోనే బంతి పట్టుకుని నా ముందుకొచ్చాడు. నేను చేతులెత్తి, మోకాళ్ళు వంచి, నువ్వు నేర్పినట్టే నిలబడ్డాను. బంతి కొడుతూనే, "ఏం పాషా, ముఖం అలా పీక్కుపోయిందేం? భోంచేశావా?" అన్నాడు. ఈజిప్టువాళ్ళు ఎవరినైనా పాషా అనే పిలుస్తారు కదా. తిన్నానన్నాను. "ఏం తిన్నావ్?" అన్నాడు. ఆ మాట నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకుంటుంటే బంతి బుట్టలో పడింది.

తర్వాతిసారి, "అమ్మగారు ఎలా ఉన్నారు?" అన్నాడు. చెప్పు మామయ్యా, ఎవరైనా తల్లి క్షేమం అడిగితే మనం ఏం చేస్తాం? గుండె మీద చెయ్యి పెట్టుకుని, దేవుడి దయ, మీ వాళ్ళెలా ఉన్నారు అంటాం. చెయ్యి దానంతట అదే పోయింది. అది నా తప్పా, నన్ను పెంచినవాళ్ళ తప్పా? చెయ్యి దిగింది, అతను వేశాడు. అలా మా అమ్మ, అక్క, అక్క పిల్లలు, నువ్వు, నీ నడుం నొప్పి, అందరి క్షేమం అడిగాడు. మన కుటుంబం మొత్తం ముప్ఫై నాలుగు పాయింట్లయింది.

రమ్జీతోనే మొదలవలేదు లే. చలికాలం నుంచీ ఎవరు ఎదురొచ్చినా ఇంతే. ఒకడు బూతులు తిట్టాడు, దానికి కూడా నవ్వొచ్చింది నాకు, ఎవరో నాతో మాట్లాడుతున్నారని.

కోచ్ రోజూ ఒకటే చెప్తాడు. "డిఫెన్స్ చేసేవాడు ఎదుటివాడి ముఖం చూడకూడదు, నడుం చూడాలి. ముఖం మోసం చేస్తుంది, కళ్ళు ఎడమకి చూస్తాయి, మనిషి కుడికి పోతాడు. నడుం ఎటు పోతే మనిషి అటే పోతాడు." నాకు తెలీదా? పదిహేనేళ్ళప్పటి నుంచి నడుములు చూసే పేరు తెచ్చుకున్నా. కానీ మామయ్యా, వారం మొత్తం మీద నా వైపు తిరిగిన ముఖం అదొక్కటే. అది వదిలేసి నడుం చూడమంటే ఎలా చూడను?

ఇయాద్

తా.క.: నీ నడుం నొప్పికి వేడి ఇసుక మూట కట్టమన్నాడు రమ్జీ. వాళ్ళ అలెగ్జాండ్రియాలో అదే చేస్తారట.


అయిన్ జౌజ్
గురువారం, వ్యాను హారన్ కొడుతోంది

ఇయాద్!

నా నడుం శత్రువు చేతిలో పెట్టావా?

ఒరే అమాయకుడా, అది ఎత్తురా, ఎత్తు! వాడు ఈజిప్టువాడు, నోరు వాడి మూడో చెయ్యి. వాడికి నీ తల్లి క్షేమం ఎందుకు? నువ్వు జవాబు చెప్పేలోపు పాయింటు వేయడానికి! ఉత్తరం ఈసారి పైకి చదవలేదు, కానీ ఫహ్మీ నా ముఖం చూసి పసిగట్టాడు. ఇప్పుడు ఊళ్ళో సగం మంది నువ్వు అమ్ముడుపోయావంటున్నారు, సగం మంది నీకు మతి పోయిందంటున్నారు. మతి పోయిందనే వాళ్ళతో నేను వాదించలేదు, వాళ్ళు మనవైపు.

మనుషులు కావాలి, మాటలు కావాలి అంటూ ఈ ఏడుపేంటి? గోడకి కబుర్లెందుకురా? ఆ బిల్డింగులో ఎవరూ నీ జోలికి రాకపోవడం దేవుడిచ్చిన వరం అనుకో. సీజన్ అయ్యాక వచ్చేయ్, మూడు నెలలు ఆపకుండా మాట్లాడతాను నీతో.

శనివారం చెవుల్లో దూది కుక్కుకో. గట్టిగా. ఇది నా ఆజ్ఞ.

నయీఫ్

తా.క.: ఇసుక మూట పనిచేసింది. వాడికి చెప్పకు.


బేరూత్
ఆదివారం

మామయ్యకి,

టీవీలో చూసే ఉంటావు. ఒక్క పాయింటుతో గెలిచాం, అదీ మా యూనివర్సిటీ పిల్లలు చివర్లో రెండు వేశారు కాబట్టి. రమ్జీ నామీద నలభై ఒకటి వేశాడు.

నువ్వు చెప్పినట్టే దూది పెట్టుకున్నాను. కోచ్ కేకలు వినపడలేదు, విజిల్ వినపడలేదు, ఆట ఆగాక కూడా నేనొక్కణ్నే పరిగెత్తుతూ ఉన్నాను, జనం ఎందుకు నవ్వుతున్నారో తెలీలేదు. రమ్జీ నా చెవుల్లో దూది చూశాడు. ముఖం మారిపోయింది. చెవి నొప్పా అని చేత్తో సైగ చేశాడు. కాదని నేను సైగ చేశాను. ఆలివ్ నూనె వేడి చేసి రెండు చుక్కలు వేసుకోమని సైగ చేశాడు. ఎన్ని చుక్కలు అని సైగ చేశాను. ఇదివరకు ఒక చెయ్యే కిందకి దిగేది, ఇప్పుడు రెండు చేతులూ పని మీద ఉన్నాయి. మిగతాది టీవీలో చూశావు.

డైరెక్టర్ డ్రెస్సింగ్ రూంకి వచ్చాడు. అందరితో చేతులు కలిపాడు. నా దగ్గరికి వచ్చి, "వచ్చే శనివారం ఆఖరి మ్యాచ్. ఆ మనిషి మళ్ళీ నీ మీద ఇలా ఆడితే ఆదివారం నీ సామాను సర్దుకో అబ్బాయ్" అన్నాడు. అతను కూడా నా ముఖం చూడలేదు, కానీ అతను మామూలుగానే ఎవరి ముఖమూ చూడడు.

నేను ఊరికి వచ్చేస్తే కొట్లో గరిటె నాకిస్తావా? వెటకారం కాదు, నిజంగా అడుగుతున్నా. ఇక్కడుండి గెలిచినా ఎవరికి చెప్పుకోవాలి? నిన్న గెలిచాక ఇంటికొచ్చి, గెలిచాం అని పైకి అన్నాను, గదిలో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇయాద్

తా.క.: దూది ఇంకా ఎడమ చెవిలో కొంచెం ఉంది, రావట్లేదు.


అయిన్ జౌజ్
సోమవారం

అల్లుడూ,

గరిటె నీకు ఇవ్వను. ఏడవకు.

నిన్న ఉమ్ జిర్యాస్ నీ పేరున కాఫీ కప్పు బోర్లించి మడ్డిలో జోస్యం చూసింది. అడుగున కన్ను, ఇంత పెద్దది! దిష్టి! నేను ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎక్కడో తగిలింది. డ్రైవర్ చేత పటిక, బొగ్గులు, సాంబ్రాణి పంపుతున్నాను. ఇవి అబూ ఫాయెజ్ తాగలేడు. శుక్రవారం సాయంత్రం కిటికీలు, తలుపులు అన్నీ మూసి, నిప్పుల మీద పటిక పెట్టి, సాంబ్రాణి మొత్తం వెయ్యి. మొత్తం. మధ్యలో నువ్వు నిలబడు. పటిక కరిగి ఎవరి ముఖం ఆకారంలో వస్తే వాళ్ళదే ఆ కన్ను.

నయీఫ్

తా.క.: మీసాల ఆకారం వస్తే నాకు వెంటనే రాయి.


బేరూత్
ఆదివారం మధ్యాహ్నం

మామయ్యా, కూర్చుని చదువు. ఫహ్మీని బయటికి పంపి చదువు.

పటిక కరిగింది. ముఖం వచ్చింది. ఎవరిదో చివర్లో చెప్తాను అనుకున్నా, ఆగలేను, నీది.

శుక్రవారం నువ్వు చెప్పినట్టే అన్నీ మూసి, నిప్పులు రాజేసి, సాంబ్రాణి మొత్తం వేశాను. మామయ్యా, ఆ పొట్లం చర్చికో మసీదుకో ఏడాది సరిపోతుంది. నా చెయ్యి నాకు కనపడలేదు. తలుపు సందులోంచి పొగ మెట్ల మీదకి పోయింది. "మంటలు! పిల్లాడి ఇల్లు తగలబడుతోంది!" అని కింది నుంచి ఉమ్ రిజ్క్ గొంతు. అంతే, బిల్డింగు బిల్డింగంతా కదిలి వచ్చింది. బకెట్లు, బేసిన్లు, ఒకాయన సూప్ గిన్నెతో, సూప్ తోనే. తలుపు బద్దలు కొట్టి లోపలికి వచ్చారు.

వచ్చినవాళ్ళంతా గోడల వైపు చూస్తూ వచ్చారు. వాచ్‌మన్ వెనక్కి నడుస్తూ వచ్చి భుజం మీంచి నీళ్ళు పోశాడు, నా పరుపు మీద. ఉమ్ రిజ్క్ కళ్ళకి తువ్వాలు కట్టుకుని చేతులు చాచి వెతుక్కుంటూ వచ్చి బీరువాని కౌగిలించుకుని, "బతికున్నావా కొడకా?" అని ఏడ్చింది.

అప్పుడు నాకు పిచ్చెక్కింది. కుర్చీ ఎక్కి అరిచాను.

"బతికే ఉన్నాను! ఇటు చూడండి! అయిదు నెలల నుంచి ఉన్నాను ఇక్కడ! నేనేం పాపం చేశాను, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నా ముఖం చూడరు?"

ఉమ్ రిజ్క్ బీరువాతో అంది: "చూస్తే నీ మోకాళ్ళు విరుగుతాయిరా! మీ మామ చెప్పాడు కదా!"

"ఏ మామ?"

"నీకు ఎంతమంది మామలున్నార్రా? ఆ గింజల మామ!"

నేను కుర్చీ మీద నుంచి దిగాను మామయ్యా.

నేను ఈ ఇంట్లో దిగిన రోజు, నేను ప్రాక్టీసుకి పోయాక, నన్ను దింపడానికి వచ్చిన నువ్వు ప్రతి తలుపూ తట్టావట. తలా ఒక పిస్తాల పొట్లం ఇచ్చావట. మా వాడికి దిష్టి ఇట్టే తగులుతుంది, ఊళ్ళో ఒకావిడ అబ్బ ఏం కాళ్ళు అన్నందుకు నెల్లాళ్ళు మంచం పట్టాడు, సీజన్ అయ్యేదాకా ఎవరూ వాడి ముఖం నిండుగా చూడకండి, మెచ్చుకోకండి, భోజనానికి పిలవకండి అన్నావట. ఒట్లు వేయించుకున్నావట. ఉమ్ రిజ్క్ చేత ఆమె కొడుకు మీద, రొట్టెలతని చేత బట్టీ మీద, సెలూన్ అతని చేత అతని కుడిచెయ్యి మీద. వీధి చివర దాకా పంచావట, పిస్తాలూ ఒట్లూ.

అందరూ నా కోసమే ఒట్టు నిలబెట్టుకున్నారు. మంచివాళ్ళన్నావు, నిజమే.

"నీ కాఫీ వాసన రోజూ నా వంటింట్లోకి వచ్చేది" అంది ఉమ్ రిజ్క్. "నువ్వు బంతి కొడుతుంటే మా ఆయన, 'అది ఆట కాదే, పిలుపే' అనేవాడు. నేను చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చునేదాన్ని. కూరలో ఉప్పు మర్చిపోయేదాన్ని."

"ఒట్టు తీసేయండి" అన్నాను. "మోకాళ్ళు నావి. నేను చెప్తున్నాను."

ఆమె తువ్వాలు విప్పి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, "అయ్యయ్యో, ఆ జుట్టేంట్రా!" అంది. మెట్ల మీద సెలూన్ అతను అప్పటికే కత్తెర కోసం పరిగెత్తాడు.

ఆ సాయంత్రం కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ప్రతి ఇంటి నుంచీ ఒక గిన్నె వచ్చింది. నేను వాళ్ళతో ఏం మాట్లాడానో గుర్తు లేదు. వాళ్ళందరి ముఖాలు మాత్రం గుర్తున్నాయి.

ఇక మ్యాచ్. నువ్వు చూసే ఉంటావు, కానీ టీవీలో కనపడనిది చెప్తాను.

బిల్డింగంతా వచ్చి డోలు కొట్టింది. రమ్జీ బంతి పట్టుకుని వచ్చాడు. ఏదో అన్నాడు. నేను నడుం చూశాను. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఏదో అడిగాడు, చేతులు దించలేదు. నాకు ఇప్పుడు ఆ ముఖంతో అవసరం లేదు మామయ్యా, నా వెనక ఒక వీధి నిండా ముఖాలున్నాయి. నడుం ఎడమకి పోతే ఎడమకి పోయాను, కుడికి పోతే కుడికి. ఆట మొత్తం మీద ఆరు పాయింట్లు వేశాడు. గెలిచాం. డైరెక్టర్ పరిగెత్తుకొచ్చి నా బుగ్గలు గిల్లాడు, నీ చోటు నీదే అన్నాడు. అందరూ నన్ను ఎత్తుకున్నారు. పైనుంచి చూస్తే రమ్జీ కనిపించాడు. బెంచీ చివర ఒక్కడే కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. వాళ్ళ టీం అప్పటికే బస్సెక్కేసింది.

వెళ్ళాను. లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

"బాగా ఆడావు పాషా. నామీద కోపమా?"

"కోపం ఎందుకు?"

"ఏం లేదు. ఇవాళ నా ముఖం ఒక్కసారి కూడా చూడలేదు."

"డిఫెన్స్ అంటే అంతే కదా" అన్నాను.

"అంతే అనుకో" అన్నాడు. తాళ్ళు చుట్టి బూట్లో పెట్టాడు. "మీ అమ్మగారు నిజంగా బాగున్నారా?"

అది ఎత్తు కాదు మామయ్యా. మ్యాచ్ అయిపోయింది. ఇక వేయడానికి పాయింట్లు లేవు.

జహ్లేలో ఒక హోటల్ పైగదిలో ఉంటాడట. అక్కడ అందరూ అతన్ని బాగానే చూస్తారు, ఈజిప్టు హాస్యం సినిమాల్లో వాళ్ళలాగే మాట్లాడతాడని ముచ్చటపడతారు. అదే గొడవ. అతను ఏమన్నా జోకే అనుకుంటారట. బట్టల కొట్లో చొక్కా కొలత చెప్పినా నవ్వుతారు. బాగున్నారా అని అడిగితే, 'వీడు భలేవాడు' అని భుజం తట్టి వెళ్ళిపోతారు. మార్చిలో వాళ్ళ నాన్న పోయాడని ఫోనొస్తే, కింద కౌంటర్ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత చాలా సిగ్గుపడ్డారనుకో. కానీ నవ్వడం ముందు జరిగిపోయింది.

"బాగున్నావా అంటే ఆగి జవాబు చెప్పినవాడివి నువ్వొక్కడివే" అన్నాడు. "దాని కోసం బంతి పట్టుకుని మళ్ళీ మళ్ళీ నీ దగ్గరికే వచ్చేవాణ్ని. పాయింట్లు వాటంతటవే వచ్చాయి."

నేను అతన్ని ఆపేశాను మామయ్యా. ఈ ఏడు నేను చేసిన మంచి డిఫెన్స్ అదొక్కటే, అది అతని మీద చేశాను.

వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. ఇప్పుడు ఉమ్ రిజ్క్ వంటింట్లో కూర్చుని, లోపల కూర కూరడానికి కూసా కాయలు తొలుస్తున్నాడు, ఆమె అతన్ని తిడుతోంది, కాయలు చిల్లులు పడుతున్నాయని. రేపు వ్యానులో తిరిగి వెళ్తాడు. జూన్ దాకా అక్కడే ఉండాలి.

నీ మీద కోపం లేదు. ఉంది, కానీ నువ్వు ఆ రోజు మెట్లన్నీ ఎక్కావు కదా, ఆ నడుం నొప్పితో. అందుకని ఒక పని చెప్తాను. మన ఊరి నుంచి జహ్లే ఎంతసేపు? పిస్తాలు ఓ బస్తా వేయించు. అతనుండే వీధికి వెళ్ళి ప్రతి తలుపూ తట్టు. నీకు బాగా వచ్చిన పనే. ఒట్లు కూడా వేయించుకో.

ఉంటాను, తలుపు ఎవరో తడుతున్నారు.

నీ గోడ,
ఇయాద్

తా.క.: ఏం చెప్పాలో కూడా రాస్తున్నా, నువ్వు సొంతంగా ఏమీ కలపకు. అతను 'బాగున్నారా' అని అడిగితే అది జోకు కాదని చెప్పు. ఒక్క నిమిషం ఆగి, బాగున్నామో లేదో చెప్పమను.